మజ్జిగ తాగిన టైరు

నేను ఒక సైకిల్ టైరును. మామూలు సైకిల్ టైరును మాత్రం కాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే నా పరువు పోతుంది. నా కడుపులో ట్యూబు ఉండదు. గాలి నేరుగా నాలోనే ఉంటుంది, దానితో పాటు రెండు మూడు గరిటెల తెల్లటి ద్రవం కూడా ఉంటుంది. ముల్లు గుచ్చుకుందా, ఆ ద్రవం పరుగెత్తుకుంటూ వెళ్లి చిల్లు దగ్గర గడ్డకట్టి మూసేస్తుంది. తొక్కేవాళ్లకు ముల్లు దిగిన సంగతే తెలియదు. దాన్ని సీలెంట్ అంటారు గానీ, నేను బతికిన ఇళ్లలో అందరూ 'మందు' అనే అన్నారు. మనుషులు మందు లోపల పడితే తూలుతారు, నేను అది లోపల ఉంటేనే నిటారుగా నడుస్తాను.

ప్రస్తుతం నా నివాసం తాండూరులో ఒక పంక్చర్ షాపు వెనక ఉన్న పాత టైర్ల కుప్ప. నా కింద ఒక లారీ టైరు, నా మీద రెండు ఆటో టైర్లు ఉన్నాయి. లారీ టైరు లక్షల కిలోమీటర్లు తిరిగానని గొప్పలు పోతుంది. పోనివ్వండి. ఎన్ని తిరిగితే ఏం లాభం, దాని కడుపులో ఎవరైనా అల్లం వేసిన మజ్జిగ పోశారా?

నా పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో, గంధకం వాసన మధ్య, వేడి అచ్చులోంచి బయటపడ్డాను. అప్పుడు నా ఒంటినిండా సన్నటి రబ్బరు వెంట్రుకలుండేవి. మొరం రోడ్ల మీద, కంకర మీద, మట్టి దారుల్లో పరుగెత్తడానికి పనికొచ్చేలా ఒంటినిండా చిన్న చిన్న బొడిపెలు పెట్టారు. ఆ తర్వాత బట్టను మడిచినట్టు మడిచి అట్టపెట్టెలో పెట్టారు. పెట్టె తెరుచుకునేసరికి హైదరాబాదులో, ఒక ఫ్లాట్ బాత్రూములో ఉన్నాను.

నా మొదటి యజమాని ప్రణీత్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మంచివాడు, కానీ చదివి చెడినవాడు. నాలో గాలి ముప్పై పీఎస్ఐ ఉండాలా, ముప్పై రెండు ఉండాలా అని మూడు గంటలు ఇంటర్నెట్‌లో చదివేవాడు. చదివింది చాలక తనలాంటి నలభై మంది ఉన్న ఒక గ్రూపులో అడిగేవాడు. నలభై మందీ నలభై రకాలుగా చెప్పేవారు. ఎవరి అనుభవం వారిది, ఎవరి అనుభవమూ ఇంకొకరికి నచ్చేది కాదు. చివరికి బొటనవేలితో నన్ను నొక్కి చూసి, "సరిపోయిందిలే" అని బయలుదేరేవాడు.

నన్ను రిమ్ముకి ఎక్కించిన రోజు ఆ ఇంట్లో పెద్ద గొడవ. సబ్బునీళ్లు పూశాడు, సిరంజితో మందు పోశాడు, చేతిపంపుతో గాలి కొట్టి కొట్టి చెమటలు కక్కాడు. నేను ఎక్కలేదు. అతను తిట్టుకున్నాడు. మళ్లీ కొట్టాడు. అప్పుడు ఎక్కాను, "ఠాప్! ఠాప్!" అని. తుపాకీ పేలిందనుకుని అతని భార్య శిరీష వంటింట్లోంచి పరుగున వచ్చింది. మందు గోడ మీదా, అద్దం మీదా, ప్రణీత్ కనుబొమ్మల మీదా పడింది. నాకు మాత్రం ఎంత సంతోషమైందో! ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది.

రెండేళ్లు నన్ను తిప్పాడు. తర్వాత నాకన్నా వెడల్పైన టైర్లున్న కొత్త సైకిల్ కొనుక్కుని, నాతో సహా పాత సైకిల్‌ని అత్తగారికి ఇచ్చేశాడు. అలా నేను తాండూరు చేరాను.

శిరీష తల్లి సుగుణ. యాభై నాలుగేళ్లు. ఆర్టీసీలో కండక్టరు. ఇరవై ఆరేళ్లుగా కదిలే బస్సులో నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. సైకిల్ తొక్కితే మంచిదని డాక్టరు అంటే, అల్లుడు ఈ సైకిల్ తెచ్చిచ్చాడు. మొదటి వారం భయపడింది. రెండో వారం అనంతగిరి గుట్టల వైపు మొరం దారిలో ఒక దిగుడు వచ్చింది. బ్రేకు పట్టుకోవడం మర్చిపోయి "ఓయమ్మో!" అని అరిచింది. కిందికి చేరాక ఆగి, ఊపిరి పీల్చుకుని, సైకిల్ తోసుకుంటూ మళ్లీ పైకెక్కింది. ఎందుకంటే మళ్లీ దిగడానికి. ఆ రోజే నేను ఆమె మనిషినైపోయాను.

ఈ ముచ్చట వికారాబాదులో ఉన్న ఆమె వియ్యపురాలికి చేరింది. రత్నమాల, ప్రణీత్ తల్లి, ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్. "అత్తకు సైకిల్ ఇచ్చినవ్, మంచిదే బిడ్డా. అమ్మకు కాళ్లు లేవనుకున్నవా?" అని కొడుకుని ఒకే ఒక్కమాట అడిగింది. పది రోజుల్లో అదే కంపెనీది, అదే సైజుది, అదే రంగు సైకిల్ కొత్తది వచ్చింది. వియ్యపురాళ్ల మధ్య ఎంత ప్రేమ ఉన్నా ఇలాంటివి తప్పవు. ఇద్దరూ ఒకరినొకరు 'వదినె' అని పిలుచుకునేవారు, 'మీరు' అని మర్యాద ఇచ్చుకునేవారు, గుట్ట ఎక్కుడు రాగానే మర్యాద పక్కన పెట్టి ఒకరిని మించి ఒకరు తొక్కేవారు.

అక్కడి సైకిల్ క్లబ్బువాళ్లు ఏటా ఒక రైడ్ పెడతారు. నూరు కిలోమీటర్లు, అంతా మొరం దారే. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండులోపు పూర్తి చేస్తే మెడల్. ఒక్క నిమిషం దాటినా నీళ్ల సీసా, అరటిపండు మాత్రమే. సుగుణ మొదటిసారి నలభై నిమిషాలు ఆలస్యమైంది. రెండోసారి పదకొండు నిమిషాలు. రత్నమాల ఆ రెండోసారే పది నిమిషాల ముందు చేరి, మెడల్ తెచ్చుకుని, ఇంటి హాల్లో గుమ్మానికి ఎదురుగా మేకు కొట్టి తగిలించింది. సుగుణ ఎప్పుడు వెళ్లినా ముందు దాన్ని చూడాలి, తర్వాతే చెప్పులు విప్పాలి.

ఇది మూడోసారి. ఆఖరిసారి కూడా. సుగుణ కుడి మోకాలు ఇక సైకిల్‌తో నయమయ్యే దశ దాటిపోయింది. వచ్చే నెల పన్నెండున ఆపరేషన్. తర్వాత తారురోడ్డు మీద మెల్లగా తొక్కొచ్చుగానీ, మొరం, గుట్టలు మర్చిపోవాలని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రైడ్‌కి ముందు రోజు వరండాలో కూర్చుని నన్ను తుడుస్తూ నాకు చెప్పింది. "గీ ఒక్కసారి పైలంగ తీస్కపో. మల్ల నిన్ను అడగ," అంది. నాకు నోరుంటే ఒక నిజం చెప్పేవాణ్ని. నా కడుపులో మందు ఎండిపోయి ఆరు నెలలైంది. మూడు నెలలకోసారి పోయమని అల్లుడు చెప్పాడు. ఆమె సరేనంది. ఆ తర్వాత ఇద్దరూ మర్చిపోయారు.

అయినా ఆ పొద్దున నేను గాల్లో తేలాను. చల్లగాలి, ఎర్రమట్టి, కోటిపల్లి ప్రాజెక్టు మీద పొగమంచు. బొడిపెలకు కంకర తగిలినప్పుడల్లా నాకు చక్కిలిగింతలు. సుగుణ బాగా తొక్కుతోంది. పక్కనే రత్నమాల, "వదినె, అంత ఉరుకకుండ్రి, ముంగట ఎక్కుడున్నది," అంటూ తానే ముందుకు ఉరుకుతోంది. యాభయ్యో కిలోమీటరు దగ్గర ఒక లెక్చరరు పంక్చరై దిగాలుగా కూర్చున్నాడు. సుగుణ తన దగ్గరున్న ఒక్కగానొక్క ట్యూబు తీసి ఇచ్చేసింది. "నాది ట్యూబ్‌లెస్ సారూ, నాకేం గాదు," అని గర్వంగా చెప్పింది కూడా. నాకు సిగ్గేసింది.

ఎనభై మూడో కిలోమీటరు దగ్గర తుమ్మ ముల్లు దిగింది. అంతకుముందు నాలో ముప్పై ముళ్లు దిగాయి, ఒక్కటీ నన్ను ఆపలేదు. కానీ ఈసారి మూయడానికి లోపల చుక్క లేదు. టైము పన్నెండు ఇరవై.

"వదినె, జెర ఆగుండ్రి. ముందటి చక్రం మెత్తగైంది."

"మావోడు ఎక్కించిన టైరు మెత్తగెట్లైతది?"

"ఐంది మరి. ముట్టి చూడుండ్రి."

రత్నమాల ముట్టి చూసింది. పిల్లవాడి నోటుబుక్కులో తప్పు పట్టుకున్నట్టు కళ్లజోడు సర్దుకుంది. "మందు ఎన్నడు పోసిన్రు?" అని అడిగింది. సుగుణ నేల చూపులు చూసింది. "సరే, రంది పడకుండ్రి. మావోడు నా తాన మందు ఇచ్చి పంపిండు," అంటూ రత్నమాల తన సంచిలోంచి ఒక సీసా, సిరంజి తీసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముందు రోజు కొడుకు ఇచ్చిన మందుని రత్నమాల ఒక నీళ్ల సీసాలో పోసి, ఎండకు పాడవకుండా ఫ్రిజ్‌లో పెట్టింది. దారిలో తాగడానికి మజ్జిగ చేసి, పల్చగా వడగట్టి, అలాంటిదే ఇంకో సీసాలో పోసి దాని పక్కనే పెట్టింది. తికమక పడకూడదని ఒక సీసాకి రబ్బరు బ్యాండు చుట్టింది. ఏ సీసాకి చుట్టిందో పొద్దునకి మర్చిపోయింది. మనుషుల జాగ్రత్తలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి, సగం దాకా వచ్చి ఆగిపోతాయి.

మొదటి సిరంజి నాలోకి రాగానే ఒళ్లు జిల్లుమంది. చల్లగా ఉంది. ఉప్పగా ఉంది. ఇంగువ వాసన! నేను కంగారుగా అరిచాను. టైరు అరిస్తే ఎలా ఉంటుంది? "ఉస్స్" అని ఉంటుంది. "ఇంక గాలి పోతున్నది వదినె, ఇంకో రెండు పోద్దాం," అంది రత్నమాల. ఇంకో రెండు కాదు, ఇంకో నాలుగు పోసింది. తర్వాత ఇద్దరూ వంతులవారీగా గాలి కొట్టి, చక్రం గిర్రున తిప్పారు. చిల్లులోంచి మజ్జిగ చిమ్మి రత్నమాల కళ్లజోడు మీద పడింది. ఆమె తుడుచుకుని, "చూసిన్రా, మందు పనిచేస్తున్నది," అంది తృప్తిగా.

ఎండ మాడిపోతోంది. మందు గడ్డకట్టేదాకా గొంతు తడుపుకుందామని రత్నమాల రెండో సీసా తీసింది. "ముందు మీరు తాగుండ్రి," అంది. "అయ్యో, మీరు తాగుండ్రి వదినె, చేసింది మీరాయె." "లేదు లేదు, మీరే." ఆ మర్యాదే ఇద్దరినీ కాపాడింది. అంతసేపు మూత తీసి ఉండటంతో, చివరికి సుగుణ సీసా ఎత్తి నోట్లో పోసుకోబోయేసరికి వాసన ముక్కుకు తగిలింది.

"వదినె, మజ్జిగల ఏమేమేసిన్రు?"

"అల్లం, ఇంగువ, జెరంత ఉప్పు."

"మరి గిది బాత్రూం కడిగే మందు లెక్క వాసనొస్తుందేంది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మెల్లగా తలలు తిప్పి నన్ను చూశారు. నేను అప్పటికే సగం చతికిలబడి ఉన్నాను. నా చిల్లులోంచి ఒక మజ్జిగ బొట్టు మొరం మీద పడింది.

రత్నమాల అంత తొందరగా ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. అసలు మందు కూడా నాలోకి పోసింది. అయ్యో తల్లీ! పులుపు తగిలితే మందు విరిగిపోతుందని ఆమెకేం తెలుసు? లోపల అంతా విరిగిన పాలలా ముద్దలు ముద్దలైపోయింది. ఎంత గాలి కొట్టినా ఆ చిల్లులోంచి వెళ్లిపోతూనే ఉంది. చక్రం తిప్పితే లోపల ముద్దలు దబదబమని దొర్లుతున్నాయి. టైము పన్నెండు యాభై. ఇంకా పదిహేడు కిలోమీటర్లుంది.

సుగుణ రోడ్డు పక్కన బండమీద కూర్చుంది. మోకాలు రెండు చేతులతో పట్టుకుంది. "పోనియ్యుండ్రి వదినె. నా నసీబుల లేదు. మీరు పొండ్రి, మీకన్న వస్తది," అంది. "వచ్చే నెల ఆపరేషన్ తర్వాత డాక్టరు గీ తొవ్వలు బంజేసిండు. ఇంట్ల ఎవలకు చెప్పలే." ఆ మాట అని మొహం అటు తిప్పుకుంది. నాకు లోపల ఉన్న మజ్జిగంతా చేదైపోయింది.

రత్నమాల తన సైకిల్‌ని తలకిందులు చేసింది. ముందు చక్రం ఇరుసు తిప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నరు?"

"చక్రం ఇప్పుతున్న. కండ్లకు కనవడ్తలేదా? రెండు బండ్లు ఒక్క తీరువె. నా చక్రం మీకు సరిపోతది. తోటి రైడర్ల సాయం తీసుకోవచ్చని రూల్సులనే రాసిన్రు."

"మరి మీరు?"

"నాకు నిరుటిది ఉన్నది. గోడకు తగిలేసిన. చూసిన్రు కద?"

"చూడకుంటెట్ల? గుమ్మానికి ఎదురుంగనె కొట్టిన్రాయె!"

ఇద్దరికీ నవ్వాగలేదు. సుగుణ కళ్లలో నీళ్లున్నాయి, నవ్వుతూనే ఉంది. ఐదు నిమిషాల్లో చక్రాలు మారిపోయాయి. కొత్త టైరు సుగుణ బండికి వెళ్లింది, నేను రత్నమాల బండికి వచ్చాను. "ఎన్కకు చూడకుండ్రి. ఉరుకుండ్రి!" అని రత్నమాల బడిపిల్లలను తోలినట్టు తోలింది. సుగుణ దుమ్ములో కలిసిపోయింది.

నేను ఆమెతో వెళ్లలేకపోయాను. ఆమె నన్ను అడిగిన ఒక్క సాయం నేను చేయలేకపోయాను. ఆ బాధ ఏ టైరుకీ వద్దు.

రత్నమాల కాసేపు బండమీద కూర్చుంది. ఫోన్ తీసింది, సిగ్నల్ లేదు. పెట్టేసింది. మళ్లీ తీసింది. "ఎక్కుడు దాటిందో లేదో," అంది నాతోనే. పదినిమిషాలు కూడా కూర్చోలేకపోయింది. లేచి, గాలిలేని నన్ను దొర్లించుకుంటూ నడక మొదలుపెట్టింది. మెడల్ కోసం కాదు, ఎలాగూ రెండు దాటిపోతుందని ఆమెకు తెలుసు. వదిన చేరిందో లేదో తెలియకుండా ఉండలేకపోయింది.

అలా రెండు కిలోమీటర్లు దొర్లుతుండగా నా కడుపులో ఒక వింత జరిగింది. విరిగిన ముద్దల్లో ఒకటి మెల్లగా జారుతూ వచ్చి, ఆ తుమ్మ ముల్లు చేసిన చిల్లులో బిరడాలా కూర్చుంది. ఉస్సుమనే చప్పుడు ఆగిపోయింది. రత్నమాల కూడా ఆగింది. వంగి చెవి పెట్టి విన్నది. పంపు తీసి గాలి కొట్టింది. నిలబడ్డాను. అవును, మజ్జిగతో, ఇంగువతో, విరిగిన మందుతో నిలబడ్డాను! రత్నమాల ఆకాశం వైపు చూసి దండం పెట్టింది, సైకిల్ ఎక్కింది.

తర్వాత జరిగింది రైడ్ కాదు, జాతర. పాత ముళ్ల సన్నటి చిల్లుల్లోంచి మజ్జిగ చుక్కలు చిమ్ముతున్నాయి. ప్రతి చుట్టుకీ ఒక చుక్క ఆమె మొహాన పడుతోంది. ఉప్పు మజ్జిగ వాసనకి ఒక మేకల మంద అరకిలోమీటరు మా వెంట పరుగెత్తింది. ఆఖరి దిగుడులో, ముప్పై ఏళ్లుగా పిల్లలను "చప్పుడు చేయకుండ్రి" అని గదమాయించిన ఆ హెడ్‌మిస్ట్రెస్, గొంతు చించుకుని "హోయ్!" అని అరిచింది. దారిలో ఉన్న కోళ్లు చెల్లాచెదరయ్యాయి. నా జీవితంలో అంత ఆనందంగా ఎప్పుడూ తిరగలేదు.

రైడ్ ముగిసే చోటు ఒక ఊరి హైస్కూలు గ్రౌండు. మేము మలుపు తిరిగేసరికి రెండు నలభై. టెంట్లు విప్పుతున్నారు. ముగింపు గీత మీద కట్టిన బ్యానర్ తాడు ఒకాయన విప్పబోతున్నాడు. సరిగ్గా అప్పుడు ఒక గొంతు వినిపించింది. ఇరవై ఆరేళ్లు బస్సులను ఆపిన గొంతు.

"హోల్డాన్! హోల్డాన్! ఇంకో మనిషి వస్తున్నది! నా మనిషి లోపలికి రాంది ఏదీ ఇప్పొద్దు!"

తాడు పట్టుకున్నాయన చేతులు అక్కడే బిగుసుకుపోయాయి. బ్యానర్ కింద సుగుణ నిలబడి ఉంది, రెండు చేతులూ చాపి. రత్నమాల గీత దాటడానికి ముందే అరిచింది.

"చేరిన్రా?"

"ఆరు నిమిషాలు మిగిలినయి వదినె!"

రత్నమాల బ్రేకు వేయలేదు, సైకిల్‌ని అలాగే వదిలేసింది. నేను గీత మీద పడ్డాను. ఆ ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారో నవ్వుతున్నారో అక్కడున్న ఎవరికీ అర్థం కాలేదు. నాలో బిరడా ఊడిపోయింది. పోతే పోయింది.

తరువాతి ఆదివారం ప్రణీత్ తాండూరు వచ్చి, సుగుణ ఇంటి పెరట్లో నన్ను రిమ్మునుంచి విప్పాడు. లోపల చూసి నోరు తెరిచాడు. పన్నీరులాంటి ముద్దలు, పుల్లటి ఇంగువ వాసన. "అత్తమ్మా, ఇదేంటి?" అన్నాడు.

అరుగు మీద వియ్యపురాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సుగుణ నోరు తెరిచింది, "అది గాదు అల్లుడా, ఆ దినం మీ అమ్మనే..." అని. రత్నమాల ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. "నీ మందే బిడ్డా. ఎండకు ఇరిగిపోయింది. మంచిది గాదది," అంది చలించకుండా. ప్రణీత్ వెంటనే నా ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. ఎండలో మందు విరిగిపోతోంది, ఇంగువ వాసన కూడా వస్తోంది, జాగ్రత్త అని రాశాడు. గంటలో పద్నాలుగు మంది తమకూ అచ్చంగా అలాగే జరిగిందని జవాబిచ్చారు. అందులో ఇద్దరికి ఇంగువ వాసన కూడా వచ్చిందట.

అతను చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. సుగుణ అడిగింది, "నేను చెప్తుంటె ఎందుకాపిన్రు వదినె? మీరు చక్రం ఇచ్చిన సంగతి నలుగురికి తెల్వద్దా?"

రత్నమాల నన్ను కాలితో మెల్లగా పక్కకు జరిపింది.

"తెలిస్తె మీ మెడల్‌ల నాకు వాట ఉన్నదనుకుంటరు. లేదు. ఆ ఆఖరి ఎక్కుడు మీరు గా మోకాలితోని ఎక్కిన్రు. అది మొత్తం మీదే."

సుగుణ వియ్యపురాలి చెయ్యి వదల్లేదు. ఆ సాయంత్రం నన్ను ఈ కుప్పలో వేశారు.